పాత మోటారు సైకిలులో బ్యాటరీ నిండకుండుట – రెక్టిఫయరు పరీక్షయు, మార్పిడియు

పల్లెకును పట్టణమునకును నడుమ నిత్యము తిరుగు వాహనములలో మోటారు సైకిలు ముఖ్యమైనది. పాల కేంద్రమునకు క్యానులు చేరవేయుటకు, సంతకు పోవుటకు, అర్ధరాత్రి వేళ రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చుటకు అదియే ఆధారము. కొన్ని ఇండ్లలో తండ్రుల నాటి బుల్లెట్టు, జావా, రాజదూత్ బండ్లు ఇప్పటికిని పనిచేయుచున్నవి. ఇంజను గట్టిదైనను, ఇట్టి బండ్లను మూలకు చేర్చునది తరచుగా ఒక్కటే దోషము: బ్యాటరీ నిండదు, దీపము వెలుగదు, హారను మ్రోగదు. యజమాని కొత్త బ్యాటరీ కొనును. నెల తిరుగకమునుపే అదియు చచ్చిపోవును. మరియొకటి కొనును. చివరకు బండి పనికిరాదని తలచి పాత ఇనుము కొట్టునకు అమ్మివేయును. దోషము మాత్రము బ్యాటరీలో లేదు. దానిని నింపవలసిన మార్గములో ఒక చిన్న భాగము చెడియున్నది. ఆ భాగమును గుర్తించి మార్చు విధానమే ఈ పాఠము.

ఇది మెకానిక్కులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. వెనుక దీపము లేని బండి చీకటి దారిలో తనను నడుపువానికిని, ఎదురు వచ్చు ఎద్దుల బండికిని, కాలినడకన పోవువారికిని ప్రమాదకరము. వ్యర్థముగా పారవేసిన ప్రతి బ్యాటరీలోను సీసమును, గంధకామ్లమును ఉండును. అవి గ్రామపు నీటిని, నేలను చెరచును. కావున పంచాయతీ సభ్యులు ఈ సంగతులు తెలిసికొనుట అవసరము.

బండ్లను గూర్చి నాలుగు మాటలు

బుల్లెట్టు అను పేరు ఇంగ్లండు దేశమున రెడిచ్ పట్టణమందలి రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1932లో తన బండికి పెట్టినది. 1955లో ఆ సంస్థయు మద్రాసు మోటార్సు సంస్థయు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను నెలకొల్పినవి. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో బుల్లెట్టు నిర్మాణము సాగినది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండ్ల తయారీ ఆగిపోయినను, మద్రాసులో ఆగలేదు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమునుండి 1961 మొదలు జావా బండ్లును, తరువాత యెజ్డీ బండ్లును వెలువడినవి. ఎస్కార్ట్సు సంస్థ రాజదూత్ బండ్లను తయారుచేసినది.

వీనిలో విద్యుత్తు పుట్టు విధానము ఒక్కటి కాదు. పాత జావా బండిలో డైనమో యుండును. అది ఏకముఖ విద్యుత్తునే ఇచ్చును గనుక దానికి రెక్టిఫయరు అక్కరలేదు. దానిలో చూడవలసినవి బొగ్గు బ్రష్షులును, కట్-ఔటు గల రెగ్యులేటరును. ఆల్టర్నేటరు గల బుల్లెట్టు వంటి బండ్లలో మాత్రము రెక్టిఫయరు తప్పనిసరి. ఈ పాఠము ఆల్టర్నేటరు గల బండ్లకే వర్తించును.

విద్యుత్తు నడచు త్రోవ

మన పొలములోని మోటారు పంపుసెట్టును, ఊరి నీళ్ళ ట్యాంకును తలచుకొనినచో ఈ విషయము సులభముగా బోధపడును.

బుల్లెట్టుకు ఎడమ ప్రక్కన, ప్రైమరీ చైనుండు పెట్టెలో, అయస్కాంతములు గల ఒక చక్రము ఇంజనుతోపాటు తిరుగుచుండును. దీనిని రోటరు అందురు. దాని చుట్టును రాగి తీగ చుట్టలు కదలక యుండును. వానిని స్టేటరు అందురు. అయస్కాంతము తిరిగినపుడు చుట్టలలో విద్యుత్తు పుట్టును. ఇది మన పంపు వంటిది.

అయితే ఇచ్చట పుట్టు విద్యుత్తు ఒకే దిక్కున పారదు. ఒక క్షణము ముందునకు, మరు క్షణము వెనుకకు పారుచుండును. దీనినే ఏకాంతర విద్యుత్తు అందురు. దీపము దీనితో వెలుగగలదు గాని బ్యాటరీ నిండదు. ముందునకు పోయినంత వెనుకకు వచ్చినచో ట్యాంకులో నీరు నిలుచునా?

బావిలోని గొట్టము కొనకు మనము ఫుట్ వాల్వు బిగింతుము. అది నీటిని పైకి పోనిచ్చును, క్రిందికి రానీయదు. రెక్టిఫయరు సరిగా అట్టిదే. విద్యుత్తును ఒకే దిక్కునకు పోనిచ్చును, వెనుకకు రానీయదు. పూర్తి రెక్టిఫయరులో అట్టి వాల్వులు నాలుగుండును. వానిని డయోడు లందురు. ఆ నాలుగు కలిసి, రెండు దిక్కుల పారు విద్యుత్తును ఒకే దిక్కునకు మరల్చి బ్యాటరీకి పంపును. బ్యాటరీయే మన ట్యాంకు. దీపములును, హారనును కుళాయిలు.

ట్యాంకు నిండిన తరువాత కూడ పంపు నడచినచో నీరు పొర్లిపోవును. అట్లు కాకుండ కాపాడు భాగమునకు రెగ్యులేటరని పేరు. మిక్కిలి పాత బండ్లలో ఇది ప్రత్యేకముగా ఉండదు. పగలు స్టేటరులోని కొన్ని చుట్టలు మాత్రమే పనిచేయునట్లును, రాత్రి దీపపు స్విచ్చు త్రిప్పినపుడు అన్ని చుట్టలును పనిచేయునట్లును ఏర్పాటుండును. తరువాతి కాలపు బండ్లలో రెగ్యులేటరును, రెక్టిఫయరును ఒకే పెట్టెలో అమర్చిరి.

రెక్టిఫయరు చెడినచో కనబడు గుర్తులు

ఫుట్ వాల్వు రెండు విధములుగా చెడును. మూసికొనిపోయినచో నీరు పైకి రాదు. సరిగా మూతపడనిచో ఎక్కిన నీరు దిగిపోవును. రెక్టిఫయరును అట్లే.

ఒకటి: నాలుగు డయోడులలో ఒకటి తెగిపోయినచో సగము విద్యుత్తే బ్యాటరీకి చేరును. పగటి పూట బండి బాగుగనే నడచును. రాత్రి దీపము వెలిగించుకొని పది మైళ్ళు పోవునప్పటికి వెలుతురు ఎఱ్ఱబారును. యజమాని దీనిని బ్యాటరీ ముసలితనమని భ్రమపడును.

రెండు: ఒక డయోడు కలిసిపోయి రెండు దిక్కుల పారనిచ్చినచో బ్యాటరీ నిండుట తగ్గిపోవుటయే గాక స్టేటరు అనవసరముగా వేడెక్కును. అట్లే నడిపినచో చుట్టల పైపూత కాలిపోవును. చిన్న భాగపు దోషము పెద్ద భాగమునకు ప్రాకును.

మూడు: ఒకటికంటె నెక్కువ డయోడులు కారినచో, బండి నిలిపియున్నపుడు కూడ బ్యాటరీలోని విద్యుత్తు స్టేటరు గుండ వెనుకకు పోవచ్చును. సాయంత్రము బాగుగా నున్న బ్యాటరీ తెల్లవారునప్పటికి ఖాళీ యగును. ఒకే డయోడుతో పనిచేయు బండ్లలో ఆ ఒక్కటి కారినను ఇదే జరుగును.

పాత బండ్లలోని రెక్టిఫయరు సెలీనియము పూసిన లోహపు పలకలతో చేయబడినది. పలకలు ఒక బోల్టునకు వరుసగా గ్రుచ్చియుండును. కాలక్రమమున వాని నిరోధము పెరిగి, ముందునకు పోవలసినది తగ్గును. వెనుకకు కారునది హెచ్చును. ఇవి కాలినచో చెడ్డ వాసన వచ్చును. ఆ పొగ విషము. దానిని పీల్చరాదు.

బ్యాటరీని నిందింపకమునుపు చేయవలసిన పరీక్షలు

పరీక్షలను ఈ వరుసలోనే చేయవలెను. వరుస తప్పినచో మంచి భాగమును పారవేసి చెడ్డదానిని ఉంచుకొందుము. ఒక మల్టీమీటరు చాలును. విద్యుత్తు పని చేయు ప్రతివాని వద్దను ఇది యుండును.

మొదటి పరీక్ష – బ్యాటరీ. ధ్రువములపై తెల్లని, పచ్చని పొడి పేరుకొనియున్నచో వేడినీటితో కడిగి, తుడిచి, బిగించి, వాజలైను పూయవలెను. ద్రవము గుర్తుకంటె తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బావి నీరు, బోరు నీరు పోయరాదు. పూర్తిగా నిండి, కొన్ని గంటలు విశ్రమించిన 6 వోల్టుల బ్యాటరీ 6.3 వోల్టులకు పైన చూపవలెను. 12 వోల్టులది 12.6కు పైన చూపవలెను. హైడ్రోమీటరున్నచో ద్రవ సాంద్రత 1.25 – 1.28 నడుమ నుండవలెను. మూడు గదులలో రెండు బాగుగా నుండి ఒకటి మిక్కిలి తక్కువ చూపినచో ఆ బ్యాటరీ నిజముగనే చెడినది. అన్నియు సమానముగా తక్కువైనచో అది ఆకలితో నున్నదే గాని చెడినది కాదు. బయట చార్జరుపై నింపించి తరువాతి పరీక్షకు పోవలెను.

రెండవ పరీక్ష – తీగలు, ఫ్యూజు. బ్యాటరీ నుండి చట్రమునకు పోవు ఎర్తు తీగను ముందు చూడవలెను. బోల్టు క్రింద తుప్పు, రంగు ఉన్నచో విద్యుత్తు ఆగిపోవును. పాత బండ్లలో సగము దోషములు ఇట్టి చోటులనే దొరకును. ఫ్యూజు స్థానమున సిగరెట్టు పెట్టె రేకునో, లావు తీగనో చుట్టియున్నచో వెంటనే తీసివేసి సరియైన ఫ్యూజు వేయవలెను.

మూడవ పరీక్ష – నడకలో వోల్టులు. నిండిన బ్యాటరీని అమర్చి, మీటరును దాని రెండు ధ్రువములకు తగిలించి, ఇంజనును నడుమ వేగమున నడుపవలెను. 6 వోల్టుల బండిలో అంకె క్రమముగా 7 వోల్టుల దరిదాపులకును, 12 వోల్టుల బండిలో 14 దరిదాపులకును ఎక్కవలెను. ఎక్కినచో మార్గము మంచిది. విశ్రాంతిలో నున్న అంకెయే నిలిచినను, క్రిందికి దిగినను విద్యుత్తు చేరుటలేదని నిశ్చయింపవచ్చును. 6 వోల్టుల బండిలో 7.5కును, 12 వోల్టుల బండిలో 15కును మించి పోయినచో రెగ్యులేటరు చెడినదని యర్థము. అది బ్యాటరీని మరిగించి చంపును.

నాలుగవ పరీక్ష – స్టేటరు. స్టేటరు నుండి వచ్చు తీగలను రెక్టిఫయరు దగ్గర విడదీసి, మీటరును ఏకాంతర విద్యుత్తు స్థానమున నుంచి, ఇంజను నడుపుచు తీగల నడుమ చూడవలెను. వేగముతోపాటు వోల్టులు స్పష్టముగా పెరుగవలెను. మీటరు లేనిచో ఆ రెండు తీగలకు 12 వోల్టుల హెడ్‌లైటు బల్బు తగిలించినను చాలును. వేగము పెరిగినకొలది బల్బు ప్రకాశింపవలెను. ఇంజను ఆపి, తీగకును చట్రమునకును నడుమ నిరోధము చూచినచో సామాన్యముగా సంబంధము కనబడరాదు. అయితే కొన్ని బండ్లలో చుట్ట యొక్క ఒక కొనను కర్మాగారములోనే చట్రమునకు కలిపియుందురు. కావున ఆ బండి తీగల పటమును చూడకుండ స్టేటరు కాలినదని తీర్పు చెప్పరాదు.

ఐదవ పరీక్ష – రెక్టిఫయరు. దాని తీగలన్నియు విడదీయవలెను. స్టేటరు తీగలు తగులు స్థానములు రెండు, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. మీటరును డయోడు గుర్తు వద్ద నుంచవలెను. ఎఱ్ఱ తీగను స్టేటరు స్థానమునకు, నల్ల తీగను ప్లస్‌కు తగిలించినచో అంకె చూపవలెను. త్రిప్పి తగిలించినచో చూపరాదు. రెండవ స్టేటరు స్థానముతోను అట్లే. పిదప ఎఱ్ఱ తీగను మైనస్‌కు, నల్ల తీగను ఒక్కొక్క స్టేటరు స్థానమునకు తగిలించి చూడవలెను. అప్పుడును ఒక ప్రక్క చూపి మరియొక ప్రక్క చూపరాదు. ఈ విధముగా నాలుగు త్రోవలు, ఎనిమిది చూపులు. సిలికాన్ డయోడైనచో మంచి దిక్కున 0.5 – 0.7 వోల్టుల అంకె వచ్చును. రెండు ప్రక్కల చూపినచో ఆ త్రోవ కలిసిపోయినది. రెండు ప్రక్కల చూపనిచో తెగిపోయినది. ఎనిమిదింటిలో ఒక్కటి తప్పినను రెక్టిఫయరును మార్చవలసినదే. రెగ్యులేటరు కలిసియున్న పెట్టెలలో లోపల వేరు భాగములుండును గనుక ఈ చూపులు అన్నిట సరిపోవు. అట్టివానిని మూడవ, నాలుగవ పరీక్షల ఫలితమును బట్టి నిర్ణయింపవలెను. స్టేటరు మంచిదై, తీగలు మంచివై, బ్యాటరీ నిండనిచో దోషము ఆ పెట్టెలోనిదే.

కొత్త భాగమును ఎన్నుకొనుట

పాత సెలీనియము పలకల రెక్టిఫయరునకు బదులు నేడు దొరకునది సిలికాన్ బ్రిడ్జి రెక్టిఫయరు. బొటనవ్రేలు వెడల్పున చదరముగా, నాలుగు కాళ్ళతో, నడుమ రంధ్రముతో నుండును. 25 లేక 35 ఆంపియర్లు, 400 వోల్టులు అని వ్రాసియున్నది ఈ పనికి ధారాళముగా చాలును. మూల కోసియున్న చోటగాని, తక్కిన కాళ్ళకు అడ్డముగా త్రిప్పియున్న కాలుగాని ప్లస్. దానికి మూలకు మూలగా ఎదుట నున్నది మైనస్. మిగిలిన రెండును స్టేటరువి.

ఇచ్చట రెండు హెచ్చరికలు. మొదటిది ఎర్తును గూర్చి. ఇంగ్లండులో 1950 ప్రాంతమున తయారైన అనేక బండ్లలో బ్యాటరీ ప్లస్ ధ్రువమును చట్రమునకు కలిపియుందురు. తరువాతి బండ్లలో మైనస్‌ను కలిపిరి. మన బండిలో ఏది చట్రమునకు పోవుచున్నదో కన్నులార చూడకుండ ఒక్క తీగయు తగిలింపరాదు. ప్లస్ చట్రమునకు పోయినచో రెక్టిఫయరు ప్లస్ చట్రమునకు, మైనస్ బ్యాటరీ మైనస్‌కు పోవును. రెండవ పద్ధతిలో దీనికి విపర్యయము. తలక్రిందు చేసినచో బ్యాటరీ నేరుగా డయోడుల గుండ కలిసిపోయి, క్షణములో రెక్టిఫయరును, తీగలును కాలిపోవును.

రెండవది అధిక చార్జిని గూర్చి. ముసలి సెలీనియము పలకలకంటె సిలికాన్ డయోడులో నష్టము తక్కువ. కావున వేరుగా రెగ్యులేటరు లేని బండిలో బ్యాటరీ మునుపటికంటె ఎక్కువగా నిండవచ్చును. ద్రవము త్వరగా తగ్గుచున్నచో అదియే గుర్తు. అప్పుడు బ్రిడ్జికి బదులు రెగ్యులేటరు-రెక్టిఫయరు కలిసిన పెట్టెను వేయుట మేలు. అది మన బండి వోల్టులకు తగినదై యుండవలెను. 6 వోల్టుల బండికి 12 వోల్టుల పెట్టె వేయరాదు.

మార్చు విధానము

1. బండిని నడుమ స్టాండుపై నిలిపి, తాళము తీసివేసి, ఇంజను చల్లారనీయవలెను. బీడీ, సిగరెట్టు దరికి రానీయరాదు. నిండుచున్న బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును.

2. బ్యాటరీనుండి చట్రమునకు పోవు తీగను మొదట విప్పవలెను. రెండవ తీగను పిమ్మట విప్పవలెను. మొదట రెండవదానిని విప్పబోయినచో పానా చట్రమునకు తగిలి నిప్పులు రాలును. తిరిగి బిగించునపుడు చట్రపు తీగ చివరిది.

3. పాత రెక్టిఫయరు తీగలు విప్పకమునుపు కాగితముపై బొమ్మ గీసికొని, ప్రతి తీగకును అంకె వేసిన చీటీ కట్టవలెను. పాత బండ్లలో తీగల రంగులు వెలసియుండును. ఎవరో మార్చియు నుందురు. కావున రంగును నమ్మరాదు.

4. సెలీనియము రెక్టిఫయరు విప్పునపుడు పలకలను బిగించు నట్టును త్రిప్పరాదు. దానిని ఒక పానాతో కదలకుండ పట్టుకొని, చట్రమునకు బిగించిన నట్టును మాత్రమే మరియొక పానాతో విప్పవలెను. పలకల బిగువు చెడినచో మంచి రెక్టిఫయరైనను పాడగును. పరీక్ష కొరకు విప్పినప్పుడు ఇది ముఖ్యము.

5. కొత్త దానిని గాలి తగులు చోట, లోహపు రేకుపై బిగింపవలెను. పనిచేయునపుడు అది వేడెక్కును. ఆ వేడి రేకులోనికి పోవలెను. రేకుపై రంగును గీకి, నునుపు చేసి, వేడిని ప్రసరింపజేయు తెల్లని పేస్టు పలుచగా పూసి బిగింపవలెను. ప్లాస్టిక్కు పెట్టెలో పడవేయరాదు.

6. తీగల కొనలకు సరియైన క్లిప్పులు నొక్కి, పైన తొడుగు వేయవలెను. తీగలు మెలిపెట్టి టేపు చుట్టుట అదురునకు నిలువదు. చట్రమునకు పోవు తీగ క్రింద పళ్ళు గల వాషరు వేయవలెను.

7. బ్యాటరీని తగిలించుటకు ముందు ఈ పరీక్ష తప్పక చేయవలెను. చివరి తీగకును బ్యాటరీ ధ్రువమునకును నడుమ ఒక బల్బును ఉంచవలెను. తాళము మూసియున్నపుడు బల్బు వెలుగరాదు. వెలిగినచో రెక్టిఫయరు తలక్రిందుగా తగిలించుట గాని, ఎచ్చటనైన తీగ చట్రమునకు తగులుట గాని జరిగినది. బల్బు వెలుగుటచే నష్టము లేకుండనే తప్పు తెలిసిపోవును.

8. బల్బు వెలుగనిచో తీగ బిగించి, ఫ్యూజు వేసి, ఇంజను నడిపి మూడవ పరీక్షను మరల చేయవలెను. దీపము ఆర్పియు, వెలిగించియు రెండు విధముల చూడవలెను.

9. నాలుగైదు మైళ్ళు నడిపి వచ్చి రెక్టిఫయరును, తీగల కొనలను తాకి చూడవలెను. వెచ్చదనము సహజము. చేయి పెట్టలేనంత వేడి యున్నచో ఎచ్చటనో కూడిక వదులుగా నున్నది.

10. మరునాటి ఉదయము బండి నడుపకమునుపే బ్యాటరీ వోల్టులు చూడవలెను. రాత్రి యున్నట్లే యున్నచో పని పూర్తియైనది.

స్టేటరు నిజముగనే కాలినచో ఎడమ ప్రక్క పెట్టెలోని నూనె తీసి, మూత విప్పి మార్చవలెను. రోటరునకును స్టేటరునకును నడుమ చుట్టును సమానమైన సందు ఉండవలెను. 0.2 మిల్లీమీటరు రేకు గేజి ఎచ్చటను తగులకుండ తిరుగుట దీనికి కొలత. ఆ పని అనుభవము గల మెకానిక్కు చేతనే చేయించుట మంచిది.

సభ్యులకు కలుగు సందేహములు

ప్రశ్న: బ్యాటరీ తీసివేసి బండి నడుపవచ్చునా?

జవాబు: కాయిల్ ఇగ్నిషను గల బండి బ్యాటరీ లేక సామాన్యముగా లేవదు. మాగ్నెటో గల బండి లేచును. అయినను బ్యాటరీ లేనిచో ఆల్టర్నేటరు వోల్టులకు అడ్డుండక బల్బులును, రెగ్యులేటరును కాలిపోవును. నడుచుచుండగా బ్యాటరీ తీగ విప్పుట కూడ ఇట్టిదే.

ప్రశ్న: ఎక్కువ కాంతి కొరకు పెద్ద బల్బు వేయవచ్చునా?

జవాబు: పంపు ఎంత తోడునో కుళాయిలు అంతకంటె ఎక్కువ విడువరాదు. పెద్ద బల్బు వేసినచో రెక్టిఫయరు మంచిదైనను బ్యాటరీ రోజురోజుకు తరిగిపోవును. ఎల్.ఇ.డి. బల్బు తక్కువ విద్యుత్తుతో పనిచేయును గాని అది బండి వోల్టులకును, ఎర్తు పద్ధతికిని సరిపడునదై యుండవలెను.

ప్రశ్న: ఇంత పాత బండిని రోడ్డుపై నడుపుట చట్ట సమ్మతమా?

జవాబు: 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిదప తనిఖీ చేయించి 5 ఏండ్లకొకమారు పొడిగించుకొనవచ్చును. తనిఖీలో దీపములు, హారను పనిచేయవలెను. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపమున నున్న బండ్లను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు 2021లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. అట్లు నమోదైన బండిని నిత్యపు పనులకు వాడరాదు. కావున పాల క్యానులు మోయు బండికి సామాన్యపు పొడిగింపే తగినది.

పాత బ్యాటరీ – పంచాయతీ బాధ్యత

రెక్టిఫయరు మార్చుటకు ముందే రెండు మూడు బ్యాటరీలు ఆ యింట చెడియుండును. అవి ఏమగుచున్నవి? కొందరు ఆమ్లమును కాలువలో పారబోసి, సీసము కొరకు పెట్టెను పగులగొట్టుదురు. మరికొందరు ఇంటి ముంగిట పొయ్యిపై సీసమును కరగింతురు. సీసపు ధూళి, పొగ పిల్లల మెదడునకు కీడు చేయును; ఒకమారు నేలలో కలిసిన సీసము పోదు. చేతి పంపు, మంచినీటి బావి దగ్గర ఇట్టి పని జరుగకుండ చూచుట పంచాయతీ విధి.

2022లో కేంద్ర ప్రభుత్వము జారీచేసిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి కేంద్రములకు చేర్చు బాధ్యత తయారీదారులది. కావున కొత్తది కొనునపుడు పాతదానిని దుకాణములోనే ఇచ్చి, ధరలో తగ్గింపు అడుగవలెను. ఆమ్లము పారబోయకుండ, మూతలతో, నిటారుగా తీసికొనిపోవలెను. చర్మముపై ఆమ్లము పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. కంటిలో పడినచో కనీసము పావుగంట నీటితో కడిగి వైద్యుని కడకు పోవలెను. ఆమ్లమును కలుపవలసి వచ్చినచో నీటిలోనికి ఆమ్లమును పోయవలెనే గాని, ఆమ్లములోనికి నీటిని పోయరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

గ్రామమున ఎలక్ట్రిక్ పని తెలిసిన యువకులను ఒక చోట చేర్చి, పై ఐదు పరీక్షలను ఒక పాత బండిపై చేయించి చూపవచ్చును. ఐ.టి.ఐ.లో చదివినవారు ఊరిలో నున్నచో వారిచేతనే చెప్పించుట ఉచితము. ఒక మల్టీమీటరును, ఒక హైడ్రోమీటరును పంచాయతీ కార్యాలయములో గాని, గ్రంథాలయములో గాని ఉంచి, అవసరమైనవారికి పద్దు వ్రాసి ఇచ్చి తిరిగి పుచ్చుకొనవచ్చును. దసరానాటి ఆయుధ పూజకు ప్రతివాడును బండిని కడిగి కుంకుమ పెట్టును. ఆ నాడే ముందు దీపము, వెనుక దీపము, హారను చూచుకొని, బ్యాటరీ వోల్టులు కొలుచుకొనునట్లు చెప్పినచో ఆ పూజకు అర్థము మరింత హెచ్చును.

పరీక్ష చేయకుండ భాగము కొనరాదు; వరుస తప్పి పరీక్ష చేయరాదు; చట్రమునకు ఏ ధ్రువము పోవుచున్నదో చూడకుండ తీగ తగిలింపరాదు. ఈ మూడు మాటలు గుర్తున్నవాని బండి చీకటి దారిలో ఆరిపోదు. వాని యింటి బ్యాటరీ అకాలముగా చెత్తకుప్పకు చేరదు.